సవరణ: సూపర్ నింటెండోకు 16 కిలోహెర్ట్జ్ స్లైడర్ పెంచొద్దు

సూపర్ నింటెండో గేమ్ కన్సోల్ శబ్దం మందంగా వినిపిస్తే ఈక్వలైజర్‌లో 16 కిలోహెర్ట్జ్ స్లైడర్‌ను 6 డెసిబెల్స్ పెంచమని ముందటి పోస్టులో ఉంది. దాన్ని సున్నా దగ్గరే ఉంచండి. ఈ కన్సోల్ సౌండ్ చిప్ సెకనుకు సుమారు 32,000 శాంపిళ్లే (శబ్దపు కొలతలే) ఇస్తుంది, అందులో సగం పౌనఃపున్యం వరకే శబ్దం వస్తుంది కాబట్టి 16 కిలోహెర్ట్జ్ పైన సంగీతమే ఉండదు. పెంచితే పెరిగేది బుస్సుమనే హిస్సే. పైగా ఆడియో మెమరీ మొత్తం 64 కిలోబైట్లే. అందుకే చాలా వాయిద్యాల రికార్డింగ్ ముక్కలు ఇంకా తక్కువ శాంపిల్ రేటులో ఉంటాయి, చిప్‌లోని గాసియన్ ఇంటర్‌పొలేషన్ (శాంపిళ్ల మధ్య విలువలను నునుపుగా పూరించే పద్ధతి) మిగిలిన పదునునూ కొంత తగ్గిస్తుంది.

4, 8 కిలోహెర్ట్జ్ స్లైడర్లను 2–3 డెసిబెల్స్ పెంచి, ప్రీఆంప్‌ను (ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దస్థాయి స్లైడర్‌ను) అంతే తగ్గించండి. లేదంటే పెద్ద శబ్దాలు పగిలినట్టు వస్తాయి. గుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్‌కు మాత్రం ఈక్వలైజర్ మందు కాదు, దాంతోపాటు బేస్ కూడా పోతుంది. ముందు అడాప్టర్, కేబుల్ మార్చి చూడండి.