నల్ల ట్రఫుల్ చిప్స్ ప్యాకెట్ గారికి

మహారాజశ్రీ ట్రఫుల్ చిప్స్ ప్యాకెట్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమానికేం లోటు, లోపల నైట్రోజన్ నింపి మరీ పంపారు. నూనె కంపు కొట్టకుండా, ముక్కలు విరగకుండా అది ఉండాల్సిందేనని తెలుసు. కాకపోతే మూతి కత్తిరించగానే అంత భారీ విగ్రహం అలా కుంగిపోతే చూడలేకపోయాను.

మిమ్మల్ని తినమని కాదు, రుచి చూసి మార్కులు వేయమని నన్ను కూర్చోబెట్టారు. కాగితం, పెన్ను, మధ్యమధ్యలో నోరు పుక్కిలించడానికి గ్లాసుడు నీళ్లు. బంగాళాదుంప ముందు ఇంత టెన్షన్ పడటం ఇదే మొదలు.

ముందు వాసన. తడిమట్టి, వెల్లుల్లి, ఎక్కడో గ్యాస్ లీకవుతున్న అనుమానం. పక్కాయన కళ్లు మూసుకుని "అడవి" అన్నాడు. నేనూ తలూపాను (పరువు సమస్య). తర్వాత ప్యాకెట్ తిప్పి చూస్తే చీమతలకాయంత అక్షరాల్లో ట్రఫుల్ పొడి ఎంత కలిపారో రాసి ఉంది: సున్నా, చుక్క, మళ్లీ సున్నా, ఆ తర్వాత ఒక అంకె. మిగతా అడవంతా 'ఫ్లేవరింగ్'. మామూలుగా ఈ వాసన ల్యాబులో తయారయ్యే 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనం చలవే. అసలు ట్రఫుల్ చెట్ల వేళ్ల దగ్గర మట్టిలో పెరిగే శిలీంధ్రం. దాన్ని కుక్కలు వాసన పట్టి వెతుకుతాయి. మీ కోసం మాత్రం ఏ కుక్కా పెద్దగా కష్టపడ్డట్టు లేదు.

చప్పుడుకు పదికి తొమ్మిది వేశాను. ఆ తొమ్మిదీ మీవేనని గ్యారంటీ లేదు. కొరికిన చప్పుడును పెంచి వినిపిస్తే అదే చిప్ ఇంకా కరకరలాడుతున్నట్టు అనిపిస్తుందని తేల్చి, ఇద్దరు పరిశోధకులు 2008లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కొట్టేశారు.

ఇక రుచి. మొదటి ముక్కకు అడవి, మూడో ముక్కకు ఉప్పు, ఐదో ముక్కకు నాలుక మొద్దుబారింది. అప్పుడు దొరికింది, అడుగున ఒక మడత ముక్క. మీలా వాయిలు వాయిలుగా వేగే చిప్స్‌లో ఇలాంటివి మామూలే. అంచు కాస్త మాడింది. తిరిగే పీపాలో చల్లిన మసాలా పొడి ఆ మడత లోపలికి చేరనే లేదు. నల్లచుక్క లేదు, అడవి లేదు. విరిచి నోట్లో వేసుకున్నాను. పక్కాయన చూడకుండా అలాంటిది ఇంకోటి ఉందేమోనని అడుగంతా కెలికాను.

దానికి మార్కులు వేద్దామంటే కాగితంలో గడి లేదు. చివరికి 'ఇతర లోపాలు' అన్నచోట రాసిచ్చాను: "కొన్ని ముక్కల్లో బంగాళాదుంప రుచి తగులుతోంది."

ఇట్లు,
తమ విధేయ న్యాయనిర్ణేత