రంగు అడిగారు గానీ అడుగు చూపలేదు

ఈ ఉదయం మా ఊరికి గంటన్నర దూరంలో ఉన్న ఒక జలాశయంలో కయాక్ ఎక్కాను. ఎదురొడ్డున కనిపిస్తున్న తుమ్మచెట్టు దగ్గరికని బయలుదేరి, ఆ చెట్టు ఒక్కటి తప్ప మిగిలిన దిక్కులన్నీ చూసి వచ్చాను. ఎడమవైపు తెడ్డు వేస్తే ముక్కు కుడికి తిరిగేది, కుడివైపు వేస్తే ఎడమకు తిరిగేది, చేతులు ఆపితే ఇదే సందని పడవ తనంతట తానే వెనక్కి చూసేది. చెమటతో ఒడ్డెక్కిన నన్ను చూసి, లైఫ్ జాకెట్ అందుకుంటున్న కుర్రాడు, "మీ రెండు చేతుల బలం సమానంగా లేదు సార్, అందుకే తిరుగుతోంది" అన్నాడు. ఇంటికి వచ్చి స్నానం చేసి భోజనం చేసినా ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

పడవ ఇచ్చేటప్పుడు ఈ మహానుభావులు నన్ను అడిగిన ప్రశ్న ఒకే ఒకటి: "ఎర్రది కావాలా సార్, పసుపుది కావాలా?" చెప్పుల దుకాణంలో సైతం ముందు కాలి కొలత అడిగి, తరువాత రంగు అడుగుతారు.

మాట పడి ఊరుకోలేక, ఆ పడవను అక్కడే ఇసుకలో బోర్లించి చూశాను. పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, అడుగు భాగం పళ్లెంలా చదును, రెండు కొనలూ ఊగే కుర్చీ కాళ్ల మాదిరిగా పైకి లేచి ఉన్నాయి. ఆ వంపునే రాకర్ అంటారు. కొనలు నీటిని వదిలేసి నడుము మాత్రమే నీటిలో ఆనుకున్న పడవ, బల్ల మీద పెట్టిన గరిటెలా, ఎక్కడ తాకితే అక్కడ తిరుగుతుంది. దానికి తోడు పడవ వెడల్పు ఎక్కువైన కొద్దీ తెడ్డు మధ్యగీతకు దూరంగా పడుతుంది కాబట్టి, మన బలంలో చాలా భాగం ముందుకు నెట్టడానికి కాక పక్కకు తిప్పడానికే ఖర్చవుతుంది. బండరాళ్ల నడుమ సుడులలో చటుక్కున మళ్లవలసినవాడికి ఆ వంపు వరమే, కాదనను. ఉరకలెత్తే నీటిలో గేట్ల మధ్య మలుపులు తిరిగే ఒలింపిక్స్ స్లాలమ్ పోటీలో ఒకరు నడిపే కయాక్ 3.5 మీటర్లకు తగ్గకుండా ఉంటే చాలు. అదే నిలువ నీటిలో తిన్నగా దూసుకుపోవలసిన స్ప్రింట్ కయాక్ 5.2 మీటర్ల దాకా ఉండవచ్చు. స్ప్రింట్ వాళ్లకు చేతులు సమానమనీ, స్లాలమ్ వాళ్లకు ఒకటి బలం, ఒకటి నీరసమనీ మన కుర్రాడు వెళ్లి ఒలింపిక్ సంఘానికి చెప్పి రావాలి.

అసలు కడుపు మండించింది తోక దగ్గర కనిపించింది. ముందుకు సాగే పడవ ముక్కును అది చీలుస్తున్న నీరే పట్టి ఉంచుతుంది, తోక మాత్రం చెదిరిన నీటిలో పట్టు లేక జారుతూ ఉంటుంది. పక్కగాలి వీచినప్పుడు ముందు కొట్టుకుపోయేది తోకే. దానితో ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. ఆ తోకను నిలబెట్టడానికే అడుగున స్కెగ్ అనే చిన్న రెక్క బిగిస్తారు. నా పడవకు ఆ రెక్క దూర్చే గాడి ఉంది, రెండు మరల రంధ్రాలు ఉన్నాయి, వాటి నిండా ఎండిన బురద ఉంది, రెక్క మాత్రం లేదు. ఏమయ్యా ఇది అంటే, "ఒడ్డుకు లాగేటప్పుడు రాళ్లకు తగిలి విరుగుతోందని ఊడదీసేశాం సార్" అన్నాడు. రెక్క వాళ్లు పీకి, లోపం నా చేతులకు అంటగట్టారు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఆరేళ్ల క్రితం రుషికొండలో ఇద్దరు కూర్చునే కయాక్ ఎక్కినప్పుడు, తొంభై నాలుగు కిలోల మా బావమరిది సముద్రం బాగా కనబడాలని ముందు కూర్చుని, అరవై కిలోల నన్ను వెనుక కూర్చోబెట్టాడు. ముందు బరువు పడితే ముక్కు దిగబడుతుంది, తోక తేలిపోతుంది. ఎంత మంచి పడవైనా అప్పుడు ముక్కు చుట్టూ తోక తిరుగుతుంది. ఈ సంగతి వదిలేసి, ఇంట్లో ఏ పెళ్లి జరిగినా ఆకుల ముందు అందరినీ కూర్చోబెట్టి, "మా బావ నన్ను సముద్రంలో గిరికీలు కొట్టించాడు" అని మొదలుపెడతాడు. బావమరిది గనుక నవ్వి ఊరుకోవాలట. ఊరుకున్నాను, ఆరేళ్లుగా ఊరుకుంటూనే ఉన్నాను.

తుంగభద్రలో పుట్టి అనే బుట్టపడవ నడిపేవాడు, ఇది గుండ్రంగా ఉంది, తిరుగుతుందని తెలిసే ఎక్కుతాడు; ఎదుటి నీటిని తన వైపు లాక్కుంటూ దాన్ని అదుపులో పెట్టుకుంటాడు. కొల్లేటిలో తాటిదోనె నడిపినవాడికి, ఆ సన్నని దోనె తిన్నగా పోతుందనీ, మళ్లించడానికి చోటు కావాలనీ ఎవరూ పాఠం చెప్పలేదు. కయాక్ అనే మాటను లోకానికి ఇచ్చిన గ్రీన్‌లాండ్ వేటగాళ్లు, ఎక్కేవాడి బారలతో పొడవునూ, తుంటితో, పిడికిళ్లతో వెడల్పునూ కొలిచి, ఎవరి పడవ వారికే కట్టుకున్నారు. మనకు మాత్రం ఎర్రది, పసుపుది.

పదిహేడు అడుగుల పడవ కొనుక్కుని పోరాదా అని కింద ఎవరో రాయబోతున్నారని తెలుసు. పొడవైన పడవ గీత గీసినట్టు పోతుంది, నిజమే, కానీ ఇరుకు కాలువలో మళ్లమంటే మొండికేస్తుంది. దాన్ని ఒక పక్కకు ఒరిగించి, తెడ్డును వెడల్పుగా తిప్పితే తప్ప మాట వినదు. కొత్తవాళ్లు బోర్లా పడకుండా చదును అడుగు పడవలే ఉంచుకున్నారంటే అర్థం చేసుకోగలను. "ఇది తిరుగుతుంది సార్, రెక్క లేదు, గాలి లేచేలోగా వచ్చేయండి" అన్న ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే, డబ్బు ఇచ్చి నవ్వుతూ తిరిగి వచ్చేవాడిని.

ఇది రాస్తూ ఉండగానే మనసాగక అక్కడికి ఫోన్ చేసి, రెక్క ఉన్న పడవ ఒక్కటైనా ఉందా అని అడిగాను. అదే కుర్రాడు ఎత్తాడు. "ఉంది సార్, నీలం రంగుది" అన్నాడు.