జూన్ 12 లోపు క్రమశిక్షణ తయారు చేయు విధానం

బడులు తెరిచేది జూన్ 12న. తరగతి నియమాలు అంతకు ముందే సిద్ధంగా ఉండాలి. ఎండకాలం సెలవుల్లో పిల్లలు బెత్తెడు పొడవు పెరిగి వస్తారు గానీ నియమాలు పెరగవు. కాబట్టి నిరుటి చార్టు దుమ్ము దులిపి, సంవత్సరం అంకె మీద వైట్‌నర్ పూస్తే సగం పని అయినట్టే.

కొత్తది కావాల్సిందే అనేవారు హన్మకొండ చౌరస్తాకు పోయి ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించుకోవాలి. నియమాలు 24కు తగ్గరాదు. నాలుగైదే ఉంటే పిల్లలకు గుర్తుండిపోయే ప్రమాదముంది. ప్రతి వాక్యం ‘రాదు’తోనే ముగియాలి: మాట్లాడరాదు, లేవరాదు, ఉరకరాదు. ‘వరండాలో ఎడమ పక్కన నడవాలి’ అని రాశారో, ఏం చేయాలో వాళ్లకు తెలిసిపోతుంది. ఇక మనం పట్టుకునేదేముంది? రెండో తరగతికి ఒత్తులు ఇంకా కుదరవు కనుక ‘క్రమశిక్షణోల్లంఘన’ అనే మాట తప్పక పడాలి. చదివేది ఎట్లాగూ మండల విద్యాధికారి (ఎంఈఓ) సారే.

నియమాన్ని చెప్పి, చేసి చూపించి, మొదటి రెండు వారాలు రోజూ పిల్లలతో చేయించే పద్ధతి ఒకటుంది. దాంతో సిలబస్ వెనకబడుతుందట. ఏప్రిల్ దాకా అరిస్తే మాత్రం వెనకబడదు.

అసలు పరీక్ష మధ్యాహ్న భోజనం దగ్గర. ‘వరుస తప్పరాదు’ అన్నది పదకొండో నియమం. బడిలో పిల్లలు 120 మంది, నల్లాలు రెండు అనుకోండి. సబ్బుతో చేతులు సరిగ్గా కడగడానికి ఒక్కొక్కరికి 20 సెకన్లు కావాలి. అంటే అందరి చేతులూ కడగడం అయ్యేసరికి 20 నిమిషాలు. గిన్నెలో పప్పు అడుగుకు దిగుతుంటే చివరివాడు వరుసలో ఎందుకు నిలబడతాడు? అయిదు తరగతులను అయిదేసి నిమిషాల తేడాతో వదిలితే ఒక్కో తరగతిలోని 24 మందికీ నాలుగు నిమిషాలు చాలు, తోపులాటే ఉండదు. కానీ దానికి టైంటేబుల్ మార్చాలి. పిల్లల్ని తిట్టడానికి ఏదీ మార్చనక్కర్లేదు. గుడ్డు పెట్టే రోజు ఈ నియమం తనంతట తానే రద్దవుతుంది, ఆదేశాలు అవసరం లేదు.

ఇక ‘సార్, ఒంటికి’ అంటూ లేచే చిటికెన వేళ్లు. ఒకడు లేస్తే నలుగురు లేస్తారు. తలుపు పక్క మేకుకు ఒక చెక్కముక్క తగిలించి, అది తీసుకున్నవాడే పోవాలి, వాడు తెచ్చి పెట్టాకే ఇంకొకడు కదలాలి అంటే గొడవ తీరుతుంది. అప్పుడు మనల్ని అడిగేవాడుండడు. అందుకే చెక్కముక్క వద్దు.

శిక్షల సంగతి. విద్యాహక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. కాబట్టి బరిగె బీరువా మీదికి ఎక్కాలి, చేతికందే ఎత్తులోనే. గుంజీలను రిజిస్టరులో ‘వ్యాయామం’ అని రాసుకోవాలి. గోడకుర్చీకి ఇంకా గౌరవమైన పేరు దొరకలేదు.

చివరగా, సారు ఆఫీసు గదిలో ఉన్నంతసేపు తరగతిని లీడర్‌కు అప్పగించాలి. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, మళ్లీ మాట్లాడితే పక్కన ఇంటూ కొట్టడం వాడి విధులు. వాడి దోస్తుల పేర్లు ఎప్పుడూ ఉండవు, పడనివాళ్లకు నోరు తెరవకముందే మూడు ఇంటూలు. ఒక ఇంటూ చెరపాలంటే పెన్సిల్ ముక్క, పేరే తుడవాలంటే కొత్త రబ్బరు. దసరా సెలవులు దగ్గరపడ్డాక ఈ రేట్లు పెరుగుతాయి.