మడత లేని గౌన్లు

పిల్లల రెడీమేడ్ బట్టలు కుట్టేవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది. కావలిలో స్కూలు వాళ్లు చెప్పిన కొట్లో మా పాపకు కొన్న యూనిఫాం గౌను అప్పుడే మోకాళ్ల పైకి వచ్చేసింది. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది, రంగు కూడా పోలేదు. కింద మడత విప్పి పొడవు పెంచుదామని తిరగేస్తే అక్కడ అర అంగుళం కూడా లేదు! పోనీ పక్క కుట్లు విప్పుదామంటే, దారాలు ఊడకుండా అంచుకు ఓవర్‌లాక్ కుట్టు వేసి మిగతా గుడ్డంతా కత్తిరించేశారు. ఇంక ఏం విప్పను, ఎక్కడ కుట్టను?

మా అమ్మ కుట్టిన గౌన్లకు కింద మూడు అంగుళాల మడత ఉండేది. చంకల దగ్గర, నడుం దగ్గర లోపలికి గుడ్డ వదిలేది. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుందని ముందే తడిపి ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టేది. మడత విప్పాక పాత గీత కనబడితే దాని మీద లేసు కుట్టేది. అక్క గౌను నాకు, నాది చెల్లికి వచ్చేది.

పిల్లలు పెరుగుతారని ఈ కుట్టేవాళ్లకు తెలియదా? రాత్రి మిగిలిన అన్నం పొద్దున నిమ్మకాయ పులిహోర చేసి, చేపల పులుసు మర్నాటికి దాచి, రూపాయి రూపాయి కూడబెడుతుంటే, అదంతా జూన్‌లో కొత్త యూనిఫాంలకే పోతోంది. గుడ్డ ఇవ్వండి, నేనే కుట్టుకుంటానంటే స్కూలు వాళ్లు ఒప్పుకోరు, కుట్టిందే కొనాలంటారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని ఏం లాభం?