పాత రేసింగ్ సైకిల్ మీద ఆ మొరటు బలం ఎందుకు?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉప్పుగాలి ఇనుముని ఎలా తినేస్తుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. స్టీల్ ఫ్రేములో అల్యూమినియం సీటు రాడ్ ఉంటే ఇంకా ఘోరం. ఉప్పు తేమ చేరి అల్యూమినియం తెల్లగా పొంగి, లోపలే బిగుసుకుపోతుంది. నూనె పోసి రోజుల తరబడి ఓపిక పట్టాలి. సరే, పడతాను. నా కడుపుమంటంతా పెడల్ ఇరుసు గురించి.

ఆ ఇరుసుని ఫ్రేములో పట్టి ఉంచేవి రెండు మర కప్పులు. ఇంగ్లిష్ ఫ్రేముల్లో చైను వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే విడుతుంది. ఇటాలియన్‌వాటిలో రెండు వైపులా కుడి మరే, వ్యాసం 36 మిల్లీమీటర్లు. నాది ఇటాలియన్ అని చెప్పి మరీ షాపులో ఇచ్చాను. "అన్నీ ఒకటే సార్" అంటూ మెకానిక్ రెంచికి పైపు తొడిగి, విప్పాల్సిన కప్పుని ఇంకా బిగించేశాడు. మర మొత్తం చీలిపోయి సన్నటి స్టీలు రజను రాలింది. నా ప్రాణం ఉసూరుమంది.

పైగా, "ఈ పాత సామాను మనకెందుకండీ, కొత్త గేర్ సైకిల్ కొనుక్కోండి" అని సలహా! 1967లో వచ్చిన ఇటలీ కంపెనీ కంపాన్యోలో వాళ్ల నువోవో రికార్డ్ డిరేలియర్ని (గేర్లు మార్చే పరికరం) ఈనాటికీ బోల్టు బోల్టూ విప్పి, కడిగి, మళ్లీ బిగించుకోవచ్చు. అలాంటిదాన్ని పట్టుకుని పాత సామాను అంటారా? తెలియకపోతే ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేయండి, బాబూ. ఆ ఫ్రేము మళ్లీ నాకెక్కడ దొరుకుతుంది?