సవరణ: 45ఎస్5 బయోగ్లాస్ తూకాల్లో తప్పు

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1969లో లారీ హెంచ్ బృందం తయారుచేసిన, ఎముకకు అతుక్కునే గాజు గురించి రాస్తూ, 100 గ్రాములకు సోడియం కార్బొనేట్, కాల్షియం కార్బొనేట్ చెరి 24.5 గ్రాములు అన్నాను. తప్పు నాదే. ప్రచురిత పరిశోధన పత్రాల్లో ఆ 24.5 ఆక్సైడ్ల బరువు శాతం, కార్బొనేట్లది కాదు.

కరిగేటప్పుడు కార్బొనేట్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి ఆక్సైడే గాజులో మిగులుతుంది, కాబట్టి అణుభారాలతో లెక్కిస్తే సోడియం కార్బొనేట్ 41.9 గ్రా., కాల్షియం కార్బొనేట్ 43.7 గ్రా. కావాలి. సిలికా 45, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6 గ్రాములు అలాగే ఉంటాయి. పెంటాక్సైడ్ గాలిలో తేమను ఇట్టే పీల్చేస్తుంది, చివర్లో తూచండి.

ఇది చిన్న తేడా కాదు. నా పాత తూకాలతో సిలికా దాదాపు 57 శాతానికి చేరుతుంది. అతుక్కోవడం బాగా నెమ్మదిస్తుంది. 60 దాటితే అసలు అతుక్కోదు. సరైన తూకంతో కరిగేటప్పుడు 36 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ పోతుంది కాబట్టి మూసను (కరిగించే పాత్రను) ఒకేసారి నింపితే పొంగిపోతుంది, విడతలుగా వేయండి. మూస ప్లాటినందే వాడాలి. అల్యూమినాది (అల్యూమినియం ఆక్సైడ్) అయితే అది కొంత గాజులో కరిగి అతుక్కునే గుణాన్ని దెబ్బతీస్తుంది.

ఇంకొకటి: 45ఎస్5 పేరులోని చివరి 5 ఫాస్ఫరస్ శాతమని కొందరు అర్థం చేసుకున్నారు. అది కాల్షియం, ఫాస్ఫరస్ మోలార్ నిష్పత్తి, అంటే ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువుకు సుమారు ఐదు కాల్షియం పరమాణువులు.