లైట్లు వేయరట, ఆప్షన్ మార్చుకోవాలట

వెబ్ ఆప్షన్ల సీజన్ వస్తే చాలు, బెజవాడలో మెడికల్ సీటు లెక్కలన్నీ చివరికి ఒక్క ప్రశ్న దగ్గర ఆగుతున్నాయి: ‘ఏరియా ఎలా ఉంటుందండీ?’ ర్యాంకు తెచ్చుకున్నది అమ్మాయైతే మరీనూ. ఆ కాలేజీ చుట్టుపక్కల బాగోదు, కొంచెం తక్కువదైనా పర్లేదు, ఇంటి దగ్గర్లో చూసుకోండి అని కన్సల్టెన్సీల వాళ్లు కటాఫ్ చెప్పినంత తేలిగ్గా చెప్పేస్తున్నారు.

కన్నవాళ్ల భయాన్ని తప్పుపట్టం. ఐదున్నరేళ్ల చదువు, అందులో హౌస్‌సర్జన్సీ ఏడాదంతా రాత్రీపగలూ డ్యూటీలే. వాకబు చేయకుండా ఎలా పంపుతారు? కానీ ఇదే రివాజైపోతే సర్కారు చేయాల్సిన పని కాస్తా అమ్మాయి ఆప్షన్ల జాబితా మీద పడుతుంది. మా కోపం అక్కడే.

అసలు ‘మంచి ఏరియా’ దేన్ని ఆపింది? 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్‌లో పీజీ డాక్టరును చంపింది ఏ చీకటి సందులోనో కాదు, ఆస్పత్రి సెమినార్ హాల్లో. దోషిగా తేలినవాడు పోలీసులతో పనిచేసే సివిక్ వాలంటీరే. ఆ తర్వాత బెంగాల్ ప్రభుత్వం చేసిన ఘనకార్యం, మహిళలకు వీలైనంతవరకు నైట్ డ్యూటీలు తప్పించమనడం. భద్రత ఇవ్వడం మీ పని, రాత్రి పని చేయొద్దనడానికి మీరెవరని సుప్రీంకోర్టు నిలదీసింది. ఆ ఉత్తర్వుకీ ‘ఆ కాలేజీ పెట్టకమ్మా’ అనే సలహాకీ తేడా ఏముంది? అక్కడ డ్యూటీ వదులుకోమన్నారు, ఇక్కడ ఏకంగా సీటే. ఇవాళ ఊరు వద్దన్నవాళ్లు రేపు పీజీలో సర్జరీ వద్దంటారు, నైట్లు ఎక్కువని.

శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో ఒక తండ్రి ఫోన్ చేసి బెజవాడ మెడికల్ కాలేజీ ఉన్న గుణదల సేఫేనా, గుంటూరులో రాత్రిపూట తిరగొచ్చా అని అడిగితే తలదించుకోవాల్సింది ఆ పిల్ల కాదు, మనం. 1946లో పుట్టిన గుంటూరు మెడికల్ కాలేజీ గురించి ఇప్పుడు ఇలా అడిగించుకోవాలా?

సాయంత్రమయ్యాక వరండాల్లో, క్యాంపస్‌లో లైట్లుండాలని, సీసీ కెమెరాలుండాలని జాతీయ వైద్య కమిషన్ 2024 ఆగస్టులోనే కాలేజీలకు చెప్పింది. ఏ కాలేజీ ఏం చేసిందో కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు, ఫీజుల పట్టిక పక్కనే పెట్టడానికి అడ్డేమిటి? సీట్లు పంచే ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 2022లో ఒకసారి, 2024లో మరోసారి దాని పేరు మార్చడానికి ప్రభుత్వాలకు తీరిక దొరికింది మరి.

ఆరోగ్యశాఖ పెద్దలు ఒక్కసారి రాత్రి రెండింటికి, ముందు కబురు పెట్టకుండా, హాస్టల్ గేటు నుంచి క్యాజువాలిటీ దాకా నడిచి చూడండి. కాన్వాయ్ లేకుండా.